మంచం దాకా మైకు వైరు

మా ఎదురింటి మాస్టారి టీవీ వినపడటం మానేసి కొన్నాళ్ళయిందన్న సంగతి ఈ మధ్య ఒక పొద్దున కాఫీ పొడి డబ్బా మూత తీస్తుంటే హఠాత్తుగా తట్టింది. గోడ గడియారం ఆగిపోతే వెంటనే తెలియదు చూడండి, టైము చూసుకోవలసిన పని పడ్డప్పుడే తెలుస్తుంది, ఇదీ అలాగే. ఆయన బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి, చెవి కాస్త మందగించింది. అందువల్ల తెల్లవారుతూనే భక్తి పాటలు, ఆ తర్వాత నలుగురు కూర్చుని ఒకరి మాట ఒకరు విననివ్వకుండా అరుచుకునే వార్తల చర్చ, మధ్యాహ్నం ఒక పాత సినిమా, సాయంత్రం మళ్ళీ చర్చ, ఇవన్నీ మా వీధి మొత్తానికి ఉచితంగా వినిపించేవారు. నేను టీవీ పెట్టకుండానే రాష్ట్రంలో ఎవరు ఎవరిని తిట్టారో నాకు తెలిసిపోయేది. భక్తి పాటలు అయ్యేసరికి స్నానం, చర్చ వేడెక్కేసరికి టిఫిను, సినిమాలో హీరోయిన్ ఏడ్చే వేళకి ఒక కునుకు, ఇలా నా రోజంతా ఆయన రిమోట్ మీదే నడిచేది. అలాంటిది ఇప్పుడు ఎదురింట్లో చడీచప్పుడూ లేదు. మామిడి సీజను కాబట్టి మెయిన్ రోడ్డు మీద లారీల మోత ఉంది గానీ, మా వీధి మాత్రం సెలవుల్లో బడిలాగా ఉంది.

ఆయన కూడా నాలాగే ఒక్కడే ఉంటున్న మనిషి. ఆ మాట గుర్తు రాగానే కాఫీ అలాగే వదిలేసి, చొక్కా తగిలించుకుంటూ వీధి దాటి వెళ్ళి తలుపు తట్టాను. పలకలేదు. బెల్లు కొట్టాను. పలకలేదు. కిటికీలోంచి తొంగి చూస్తే ఆయన పడక్కుర్చీలో కూర్చుని ఉన్నారు, ఎదురుగా టీవీలో బొమ్మలు కదులుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. కిటికీ ఊచ మీద ఉంగరంతో గట్టిగా కొడుతూ ఉంటే, కాసేపటికి ఎందుకో ఇటు తిరిగి నన్ను చూసి, చెవుల్లోంచి తెల్లటి గింజల్లాంటివి రెండు తీసి, లేచొచ్చి తలుపు తీశారు.

"అమ్మాయి పంపించిందండి," అన్నారు, అరచేతిలో వాటిని చూపించి. "నాకు వినపడక సౌండు పెంచేస్తున్నాను కదా. వీధిలో మీకందరికీ ఇబ్బందని."

మాకేం ఇబ్బంది లేదండీ, అవి తీసేసి మామూలుగా పెట్టుకోండి అన్న మాట నోటిదాకా వచ్చింది. ఎలా అనను? ఆయన ముఖంలో ఎవరికీ భారం కాకుండా బతుకుతున్నానన్న తృప్తి కనపడుతోంది. మంచి పని చేశారండి అని చెప్పి, చెవులు జాగ్రత్త అని ఒక సలహా కూడా పడేసి, ఇంటికొచ్చి చల్లారిపోయిన కాఫీ తాగాను.

నాకూ టీవీ ఉంది, లేకపోలేదు. మా ఆవిడ చూసే సీరియల్ ఒకటి ఆవిడ పోయాక కూడా నడుస్తూనే ఉంది, నేనూ చూస్తూనే ఉన్నాను. ఆవిడ రోజూ తిట్టుకునే అత్తగారి పాత్ర ఈ మధ్య పూర్తిగా మారిపోయి మంచిదైపోయింది. ఆ సంగతి తెలియకుండానే వెళ్ళిపోయిందే అని నాకదో బాధ. పాటల పోటీలు కూడా చూస్తాను. పిల్లలు అద్భుతంగా పాడుతున్నారు, అందులో సందేహం లేదు, కానీ పల్లవి అయ్యీ అవ్వకముందే జడ్జీలు లేచి నిలబడటం, ఒకరు కళ్ళు తుడుచుకోవటం, తల్లిని స్టేజీ ఎక్కించటం, మధ్యలో సబ్బుల ప్రకటన, వీటన్నిటి మధ్య పాట ఎక్కడ పోయిందో వెతుక్కోవాలి. అందుకని ఎక్కువగా ఫోన్లోనే వింటాను. మా అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు ఏదో పాటల యాప్ పెట్టి వెళ్ళింది. ఒక పాట అడిగితే చాలు, దాని తర్వాత నాకేం కావాలో అదే నిర్ణయించి వరసగా వేసుకుంటూ పోతుంది. ఏ పాట తర్వాత ఏ పాట వెయ్యాలో ఆలోచించడమనేది ఒకప్పుడు నా ఉద్యోగమని ఆ ఫోనుకి తెలియదు పాపం.

ఆ రోజు మాస్టారింటి నుంచి వచ్చాక, ఇల్లు మరీ బావురుమంటున్నట్టుంటే ఫోను అందుకున్నాను. మూడో పాటో నాలుగో పాటో, నేను ఎన్నడూ అడగనిది, దానంతటదే వచ్చింది. మా కాలం వాళ్ళందరికీ తెలిసిన యుగళగీతమే. రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే గాల్లోకి లేచింది. ఎందుకంటే మా రికార్డుకి అక్కడ గీత పడి ఉండేది, ముల్లు ఇరుక్కుని గాయని అదే మాట పదే పదే అనేది, ముల్లుని వేలికొసతో మెల్లగా ముందుకి తొయ్యాలి. ఫోన్లో ఆవిడ ఆ మాట ఒక్కసారే అని ముందుకి సాగిపోయింది. నేను చెయ్యి దించుకున్నాను.

నాకు ఇరవై దాటీ దాటని రోజులు. మా అక్కని నూజివీడు ఇచ్చారు, బావకి మైకు సెట్టు వ్యాపారం. చదువు అబ్బని బావమరిదిని ఏం చెయ్యాలో తోచక ఆయన నన్ను పనిలో పెట్టుకున్నాడు. ఒక ఆంప్లిఫయరు, రికార్డు ప్లేయరు, పొద్దుతిరుగుడు పువ్వుల్లాంటి పెద్ద బూరలు రెండు, ఒక చెక్క సౌండు బాక్సు, కరెంటు పోతే కారు బ్యాటరీ, ఒక ట్రంకుపెట్టె నిండా రికార్డులు, మా సంపద అంతే. ఎండాకాలం వచ్చిందంటే పెళ్ళిళ్ళూ మామిడికాయలూ ఒకేసారి మీద పడేవి, బళ్ళు దొరికేవి కావు. ఎన్నోసార్లు తోటలకి ఖాళీ బుట్టలు తీసుకెళ్ళే ఎడ్లబండిలో, ఆ బుట్టల మధ్య ఆంప్లిఫయరు ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. ఊరు చేరాక ముందు చెయ్యవలసిన పని ఎత్తయిన చెట్టు చూసి బూర కట్టడం. మా వైపు ఎత్తయిన చెట్టంటే మామిడిచెట్టే, మామిడిచెట్టంటే ఎర్రచీమలే. కుట్టించుకుంటూ కట్టి దిగొచ్చి, ఒళ్ళంతా దులుపుకుని, మొదటి రికార్డు పెట్టేసరికి పొలాల్లో వంగిన మనుషులు నడుము నిటారు చేసి ఇటు చూసేవారు. ఆ చూపు కోసం ఎన్ని చీమలు కుట్టినా పర్వాలేదనిపించేది.

ఒక వైశాఖంలో జి. కొండూరు వైపు ఒక ఊళ్ళో పెళ్ళి ఒప్పుకున్నాం. బావ చుట్టాల పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చి, మొదటిసారి నన్నొక్కణ్ణే పంపించాడు. పెళ్ళివారిల్లు, దాని పక్కిల్లు, రెండూ ఒకే పెద్ద ఇంటిని నిట్టనిలువునా కోసినట్టు ఉన్నాయి, మధ్యన పెరటి చివరిదాకా మనిషెత్తు గోడ. గోడకి ఇటు పందిరి, తోరణాలు, పిల్లల గోల. అటు వైపు వాకిట్లో ముగ్గు కూడా లేదు. వంటవాళ్ళలో ఒకాయన నాకు చెప్పాడు, అటు ఉంటున్నది పెళ్ళికూతురి పెదనాన్నేనట. అన్నదమ్ములకి మామిడితోట గట్టు దగ్గర మాటా మాటా పెరిగి ఏళ్ళ తరబడి పలకరింపుల్లేవట. ఈ మధ్య పెద్దాయనకి పక్షవాతం వచ్చి మంచాన పడితే తమ్ముడు గుమ్మం తొక్కలేదట, తమ్ముడి కూతురి పెళ్ళికి అన్న ఇంటికి పిలుపూ వెళ్ళలేదట.

నాకెందుకులే అనుకుని నా పని నేను చేసుకున్నాను. ఒక బూర ఊరి వైపు, ఇంకొకటి ఆ గోడ వైపున ఉన్న మామిడిచెట్టుకి కట్టి, పొద్దు వాలకముందే పాటలు మొదలుపెట్టాను. కాసేపటికి పెరటి గుమ్మం దగ్గర ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. పెళ్ళింటి చీర కాదు, మామూలు నేత చీర, చేతులు పసుపు లేకుండా ఉన్నాయి. లోపలికి రాదు, వెళ్ళిపోదు. నేనే దగ్గరికి వెళ్ళాను. ఆ బూర కొంచెం అవతలికి తిప్పగలరా అని అడిగింది, పక్కింట్లో వాళ్ళ నాన్నగారికి ఒంట్లో బాలేదని, బాబాయి వాళ్ళతో చెప్పొద్దని. అడగటంలో కోపం లేదు, బతిమాలటమూ లేదు. నేను మళ్ళీ చెట్టెక్కి, ఇంకో విడత చీమలకి ఒళ్ళప్పగించి, బూరని పొలాల వైపు తిప్పాను. పెళ్ళికూతురి తండ్రి కనిపెట్టి ఎందుకు తిప్పావన్నాడు. గాలి అటు ఉందండీ, పాట దూరం పోతుందని చెప్పాను. ఆయన గోడ వైపు ఒకసారి చూసి, సరే అని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ముహూర్తం. పెళ్ళివారు ఉప్మా తింటున్న వేళ, ఆ అమ్మాయి మళ్ళీ అదే గుమ్మంలో నిలబడి ఉంది. ఈసారి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆ బూర మళ్ళీ మా ఇంటి వైపే తిప్పండి," అంది.

ఏమైందని అడిగాను.

"లోపలి గదిలోకి పాటలు వినపడకపోయేసరికి పెళ్ళి ఆగిపోయిందేమోనని నాన్నగారు నిన్నటి నుంచీ కంగారు పడుతున్నారు. మాట సరిగ్గా రాదు కదా, గోడ వైపు చెయ్యి చూపించి ఒకటే సైగలు. ఏం లేదు, బాగానే జరుగుతోందని చెప్తే నమ్మట్లేదు. ఆయన మనసు కష్టపెట్టకూడదని అబద్ధం చెప్తున్నామనుకుంటున్నారు."

ఆ పెళ్ళికూతురు చిన్నప్పుడు పెదనాన్న భుజం దిగేది కాదట. అది నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణాన మాత్రం నాకేం చెయ్యాలో తోచలేదు. బూర తిప్పడం ఎంతసేపు, తిప్పేయవచ్చు. కానీ ఎందుకో ఆ మాట నాలోనే దాచుకోవడం తప్పనిపించింది. ఆ అమ్మాయి వద్దంటున్నా వినకుండా వెళ్ళి, పందిట్లో పురోహితుడికి కావలసినవి అందిస్తున్న పెళ్ళికూతురి తండ్రిని పక్కకి పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. కొడతాడేమోనని కూడా అనుకున్నాను. ఆయన చేతిలో కొబ్బరికాయ ఉంది. దాన్ని కింద పెట్టబోయి, మళ్ళీ పట్టుకుని, మళ్ళీ పెట్టి, భుజం మీది కండువాతో ముఖమంతా తుడుచుకున్నాడు.

"నీ దగ్గర వైరు ఎంత పొడుగుంది?" అన్నాడు.

"ఎంత కావాలండీ?"

"అన్నయ్య మంచం దాకా."

ఉన్న వైరు ముక్కలన్నీ అతికి, బాక్సు తీసుకుని పెరట్లోకి వచ్చాను. ఆయనే నా చేతిలోంచి బాక్సు లాక్కుని, పీట వేసుకుని ఎక్కి గోడ మీదుగా అవతలికి పట్టుకున్నాడు. బరువైన బాక్సు అది. అవతల నుంచి ఎవరో రెండు చేతులూ చాచి అందుకున్నారు. గాజుల చప్పుడు వినపడింది. ఆవిడ ఆయన వదినగారు. బాక్సు వెళ్ళిపోయాక కూడా ఆయన కాసేపు పీట దిగలేదు.

నేను చుట్టూ తిరిగి ఆ ఇంట్లోకి వెళ్ళి వైర్లు కలిపాను. పెద్దాయన నవారు మంచం మీద గోడకేసి తిరిగి ఉన్నాడు. ఒక పక్క ముఖం జారినట్టుంది, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. పందిట్లో పురోహితుడి ముందు మైకు పెట్టి ఉంది కాబట్టి, బాక్సులోంచి మంత్రాలు, వెనకాల పిల్లల అల్లరి, ఎవరో ఎవర్నో మంచినీళ్ళు తెమ్మనడం, అన్నీ వచ్చాయి. ఆయన ముఖంలో కంగారు మెల్లమెల్లగా సద్దుకోవడం నేను చూశాను. కూతురు పరుగున వెళ్ళి కాసిని బియ్యంలో పసుపు కలుపుకొచ్చి, ఆయన బాగున్న చేతిలో పోసింది. బాక్సులో గట్టిమేళం మోగింది. ఆయన ఆ చెయ్యి ఎంతో కష్టం మీద ఎత్తి, అక్షింతలు ఆ బాక్సు మీద వేశాడు. గింజలు బాక్సు ముందున్న జాలీ గుడ్డకి తగిలి కొన్ని కింద పడ్డాయి, కొన్ని చిరుగులోంచి లోపలికి పోయాయి. ఆ అమ్మాయి నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. నేను ఆంప్లిఫయరు చూసుకోవాలని వంక పెట్టి బయటికి వచ్చేశాను.

భోజనాల వేళకి కొత్త జంటని ఆ ఇంటికి తీసుకెళ్ళారు. వెనకాల తండ్రి కూడా వెళ్ళాడు, గుమ్మంలో ఆగిపోయాడు, తర్వాత లోపలికి వెళ్ళి అన్న కాళ్ళ దగ్గర మంచం పట్టె మీద కూర్చున్నాడట. ఆ ఒక్క రోజుతో గట్టు తగాదా తీరిపోయిందని నేను చెప్పను, దానికి పెద్దమనుషులు మళ్ళీ చాలాసార్లు కూర్చోవలసి వచ్చింది. పెరటి గోడలో మనిషి పట్టేంత దారి మాత్రం ఆ నెలలోనే తీశారు. పెద్దాయన ఆ వానాకాలం దాటలేదు. మా బాక్సులో చిక్కుకున్న గింజలు ఆ తర్వాత ఏ ఊళ్ళో పెట్టినా పాట గట్టిగా అందుకున్నప్పుడల్లా గలగలమనేవి. విప్పి దులపరా అని బావ ఎన్నోసార్లు విసుక్కున్నాడు. దులుపుతాలే అనేవాణ్ణి.

మరుసటి ఏడాది ఆ తమ్ముడుగారే మా బావ షాపుకి వెతుక్కుంటూ వచ్చారు. మైకుకి కాదు, మా అన్న కూతురుంది, మీ బావమరిదికి చేసుకుంటారా అని అడగడానికి. ఆరా తీస్తే దూరపు చుట్టరికం కూడా తేలింది. పెళ్ళిచూపుల్లో ఆవిడ తల ఎత్తలేదు. నేను మాత్రం, నేత చీర కట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడ్డ మనిషిని అంతకుముందే కావలసినంత చూసి ఉన్నాను.

తర్వాతి కథ అందరిదీ అయినట్టే అయింది. క్యాసెట్లొచ్చాయి, అవి పోయి డిస్కులొచ్చాయి, బావ షాపు ఎత్తేశాడు, నేను మామిడికాయల కమీషన్ కొట్లో చేరి ఇతర రాష్ట్రాలకి వెళ్ళే లోడ్లు చూసుకుంటూ వయసు గడిపేశాను. చేతులకి కాయల జీడి వాసన వదిలేది కాదు. ఇంటికి వచ్చేసరికి ఆవిడ రేడియో పెట్టి ఉంచేది, కానీ దాని పక్కన ఎప్పుడూ కూర్చునేది కాదు. రేడియో ముందు గదిలో, ఆవిడ పెరట్లో. టేప్‌రికార్డరు కొన్నాక కూడా అంతే. పక్కకొచ్చి వినొచ్చు కదా అని ఒకసారి అంటే, "పాట దూరం నుంచి రావాలండి," అంది. "దగ్గర కూర్చుంటే చప్పుడే వినపడుతుంది." మైకులో పాట ఏ తోటల మీంచో గాలికి తేలుతూ, కాస్త పెరుగుతూ, కాస్త తగ్గుతూ వస్తుంటే విన్నవాళ్ళకే ఆ మాట అర్థమవుతుంది. చదువుతున్న మీలో చాలామందికి అర్థమయ్యే ఉంటుంది.

రెండేళ్ళ కిందట ఎండాకాలం ఆవిడ మంచం పట్టింది. గదిలో ఉక్కగా ఉందంటే సాయంత్రాలు వరండాలో పడుకోబెట్టేవాణ్ణి. ఒకనాడు ఎక్కణ్ణించో, బహుశా ఊరవతల ఏదో తోటలోంచి, సన్నగా పాట వినపడింది. నాకు ముందు వినపడలేదు, ఆవిడే చెయ్యి ఎత్తి ఆగమని సైగ చేసింది. ఇద్దరం ఊపిరి బిగపట్టి విన్నాం. "ఎవరిదో పెళ్ళి," అంది. ఆ తర్వాత ఇంకెన్నాళ్ళో లేదు. మా అమ్మాయి వచ్చి, కార్యక్రమాలన్నీ అయ్యాక నన్ను తనతో రమ్మంది. వెళ్ళాను, కొన్నాళ్ళు ఉన్నాను, వచ్చేశాను. వాళ్ళ అపార్టుమెంటులో అద్దాల తలుపులు మూస్తే బయట ఏం జరుగుతోందో తెలియదు. ఇక్కడైతే కనీసం తెలుస్తుందిలే అనుకున్నాను.

ఇక్కడా తెలియడం లేదు. ఈ ఎండాకాలం మా పేటలోనే ఎన్నో పెళ్ళిళ్ళు జరిగాయి, అన్నీ బైపాస్ రోడ్డు మీది ఏసీ ఫంక్షన్ హాళ్ళలో. శుభలేఖ ఫోనుకి వస్తుంది, ఫొటోలూ ఫోనుకే వస్తాయి, మధ్యలో పెళ్ళి ఎప్పుడయిందో చెవిన పడదు. మంచిదే, జబ్బుతో ఉన్నవాళ్ళకి, పరీక్షలకి చదువుకునే పిల్లలకి ఇప్పుడు ఎవరివల్లా ఇబ్బంది లేదు. చెట్టెక్కి బూర తిప్పే పని ఎవరికీ లేదు. మన తరం వాళ్ళం మాత్రం ఒకరి చప్పుడు ఒకరికి ఇబ్బందిగా ఉన్న రోజుల్లో పెరిగాం. ఆ చప్పుడు ఆగిపోతే, అయ్యో ఏమైందోనని మాటల్లేని ఇంట్లో వాళ్ళు కూడా కంగారు పడిన రోజులవి. ఇప్పుడు అందరి ఇళ్ళూ నిశ్శబ్దంగానే ఉంటున్నాయి కాబట్టి, ఏ నిశ్శబ్దం వెనక ఏముందో కనిపెట్టడం కష్టమైపోయింది.

నాలుగు రోజులుగా పొద్దున లేవగానే నా టీవీ నేనే పెడుతున్నాను, భక్తి పాటల చానెల్, వీధి చివరి దాకా వినపడేంత గట్టిగా. పెట్టి, వెళ్ళి గేటు దగ్గర నిలబడుతున్నాను. పాలబండి వెళ్తుంది, యూనివర్సిటీ పిల్లలు ఎక్కిన ఆటో వెళ్తుంది. ఇంతవరకూ ఎవరూ వచ్చి తగ్గించమని అడగలేదు.